వలుపు గునపం

అంబాజీపేట కొబ్బరి కొట్లో తొలిరోజు
తొంభై కాయలు వలిచాను.
ముంజేయి బుంగలా వాచింది.
"కుప్పకేసి చూడకురా,
చేతిలో కాయని చూడు" అన్నాడు ఏసోబు మావ.

చూడకుండా ఎలా?
గోడెత్తు కుప్ప!

వానల్లో, వడగాడ్పుల్లో,
కాలవ కట్టేసిన నెలలో కూడా
మొన మీద అదే పని.
గుచ్చు, మెలిపెట్టు, చీల్చు.
పీచు ఎటు వాలి పడుకుందో
వేళ్ళకి తెలిసేసరికి
రెండు కార్తీకాలు వెళ్ళిపోయాయి.

ఇప్పుడు రోజుకి ఎనిమిది వందలట.
లెక్క మేస్త్రీది.
నాకు తెలిసిందల్లా
చెవి దగ్గర ఆడిస్తే
లోపల నీళ్ళెంత ఇంకాయో.

నిన్నొక కొత్త కుర్రాడొచ్చాడు.
వాచిన చెయ్యి లుంగీలో దాచుకుని
కుప్పకేసే చూస్తున్నాడు.
మావ మాట నోటిదాకా వచ్చింది.
అనలేదు.
చాన్నాళ్ళకి నేనూ అటు చూశాను.

సాయంత్రప్పొద్దు పడి
ఎంత బాగుందో కుప్ప!