గోడమీద మేజోడు

మర్రిపాలెంలో మా పెరడు
రెండు నులక మంచాలు వేస్తే నిండిపోతుంది.
అందులోనే ఒక మూల, నీళ్ల మోటారు పక్కన
అంజూర.

కొమ్మ ఇచ్చింది మస్తాన్‌బీ,
రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి వెళ్లిపోతున్న రోజు,
తడి గోనెగుడ్డలో చుట్టి:
"నీళ్లెక్కువ పొయ్యకన్నా,
తడి కాళ్లతో నిలబడలేదు ఇది."

మొదటి చలికాలమే ఆకులన్నీ రాల్చేసింది.
పుల్ల మిగిలింది.
"పొయ్యిలోకి పనికొస్తాది, పీకియ్యి" అంది ఈశ్వరి.
గోటితో బెరడు గీరి చూశాను.
పచ్చగా ఉంది.
ఆ పూట గోరు కడుక్కోలేదు.

పెద్ద తుఫానుకి మొదలంటా విరిగింది.
ఆ అక్టోబరులో
దాక్కోడానికి ఒక్క ఆకు లేక
సింహాచలం కొండ మా వంటింటి కిటికీలోకి వచ్చి నిలబడింది.
దీపావళి దాటాక చూస్తే
మోడులోంచి మూడు పిలకలు.

ఎర్రమట్టి, చేప తలకాయలు, గుడ్డు పెంకుల పొడి.
గాలి రేవు వైపు నుంచి తిరిగితే ఆకులమీద నల్లటి నుసి,
ఆదివారాలు తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాణ్ణి.
గరుకు ఆకు,
డ్యూటీ దిగొచ్చిన అరచెయ్యిలా.
కాయ తెంపితే పాలు,
పాలు తగిలితే రాత్రంతా దురద.

ఎప్పుడో గాని కనపడని మనిషిని అత్తిపువ్వు అంటాం.
పువ్వు లేక కాదు.
పూతంతా కాయ లోపలే పూసి
తలుపేసుకుంటుంది.

పిగిలిపిట్టలు నాకంటే ముందే లేస్తాయి.
ముప్పై ఏళ్ల డాక్‌యార్డు నౌకరీలో మిగిలిన మేజోళ్లు
కాయకొకటి తొడిగాను.
వీధి గుంటలు నవ్వారు:
"చెట్టుకి చలేస్తందేటి తాతా!"

ఒక కొమ్మ గోడ దాటింది.
గోడవతల పోలమాంబ.
కాలవ నీళ్ల దగ్గర మొదలై
పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.
కత్తి నూరడం కూడా అయింది.
చివరికి నిచ్చెన వేసుకుని
అటువైపు కాయలకీ మేజోళ్లు తొడిగాను.
మంచితనం కాదు, లెక్క కోసం.
నాలుగు.

శుక్రవారం పొద్దున ఒకటి లేదు.
మేజోడూ లేదు, కాయా లేదు.
ఈశ్వరికి చెప్పాను, పాలబ్బాయికి చెప్పాను,
ఎవరూ లేనప్పుడు మోటారుకి చెప్పాను.

సాయంత్రం గోడమీద
గాలికి ఎగరకుండా చిన్న రాయి,
రాయి కింద నా మేజోడు.
ఉతికి, మడత పెట్టి.
మడమ దగ్గర ఎప్పటిదో చిరుగు
ఎర్రదారంతో కుట్టి ఉంది.
నల్లది దొరకలేదు కాబోలు.

నిచ్చెనెక్కి మిగిలిన మూడూ నొక్కి చూశాను.
ఒకటి మెత్తబడింది, రేపటికి మగ్గుతుంది.
తెంపలేదు.
దిగొచ్చి ట్రంకుపెట్టె తెరిచి
అడుగు దాకా దేవుతుంటే
"ఏటా ఎతుకులాట?" అంది ఈశ్వరి.

"చిరిగింది కావాలి" అన్నాను,
"ఇంకోటి."