బ్యారన్ కాడ నాలుగు పాటలు

నిద్ర పట్టకుండా ఉండే పాటలు ఎక్కించమంటే
కొండపిలో సెల్లు కొట్టు మస్తాను
నాలుగే ఎక్కించాడు.
నాలుగింట్లోనూ ఆలోచన అనే మాట ఉంది.
"నీ పేరుకు తగ్గట్టు పెట్టానక్కా" అని నవ్వు.
నా పేరు సులోచన.
కళ్ళు బాగున్నాయని పెట్టిన పేరురా అబ్బాయ్,
ఆలోచనకీ దానికీ చుట్టరికం లేదు
అందామనుకున్నా.
ఇరవై రూపాయలిచ్చి వచ్చేశా.

రెండో రాత్రి. ఆకు ఇంకా పండుబారతా ఉంది.
తొంభై ఎనిమిది దాటనీయగూడదు.
గాజు బిళ్ళలోంచి టార్చి కొట్టి చూస్తే
పాదరసం కదలకుండా కూచుంది,
వేలంలో నోరు విప్పని రైతు మాదిరి.

మొదటి పాట కుర్రాడిది.
రాత్రంతా నీ ఆలోచనే అంటాడు,
పగలు కూడా అంటాడు.
వాడికి పొయ్యి లేదు, మొద్దులు లేవు,
ఒకే ఆలోచనతో బతికేస్తున్నాడు, అదృష్టవంతుడు.
గొంతు మాత్రం బాగుంది.

రెండోదాంట్లో చేతులెత్తి గంతులెయ్యమంటారు.
ఆలోచన మానెయ్, మానెయ్ అని
డబ్బాలు మోగతాయి.
ఒకసారి నిజంగానే మానేశా.
పాట అయ్యేసరికి నూట నాలుగు!
కింద గవాక్షి తెరిచి, మొద్దు వెనక్కి లాగి,
చెంగు కాలిందో లేదో చూసుకోకుండా...
పచ్చిగా ఎండిన ఆకుకి పసుపు రంగు ఇంక రాదు,
తర్వాత ఎంత వేడి పెట్టినా రాదు.
తొందరపడితే అంతే.
ఆకైనా, అదైనా.
అదంటే ఏందో మీకు తెలుసు.

మూడోది ఆడమనిషి గొంతు. కొంచెం బొంగురు.
"ఏం ఆలోచిస్తున్నావు" అని
మూడుసార్లు అడిగిద్ది.
ఎవరూ పలకరు.
కాసేపు వీణ, కాసేపు ఖాళీ, అయిపోద్ది.
మళ్ళీ పెట్టుకున్నా.
మళ్ళీ.
ఇరవై ఒక్క ఏళ్ళుగా నన్ను
అన్నం అయిందా అని అడిగారు,
కూలోళ్ళు ఎంతమందొచ్చారని,
దుడ్లు యాడ పెట్టావని.
ఈ ఒక్కటీ అడగలా.
పొయ్యిలో చిల్లకంప మొద్దు చిటపటమంది.
సరే, దానికే చెప్పా.

కర్రకి ఎన్ని ఆకులు, బ్యారన్‌కి ఎన్ని కర్రలు,
కిలోకి ఎంత, కౌలుకి ఎంత,
అల్లినోళ్ళ చేతుల జిగురు
ఎన్ని చింతపండు నీళ్ళకి వదిలిద్ది,
అన్నీ కలిపి అన్నీ తీసేస్తే
మిగిలేది సున్నా కూడా కాదు, దానికి ఇవతల.
ఎనిమిదో తరగతిలో దాన్ని రుణ సంఖ్య అన్నారు.
సారూ, అప్పుడు నాకు అర్థం కాలా.
గీత మీద ఎడమ పక్కకి అడుగులెయ్యమంటే
బళ్ళో అందరికన్నా నేనే ముందు వేశా.

మా కాడ పాటంటే వేలం పాటే.
దాంట్లో ఆలోచనంతా కొనేవాడిది,
వినడం మాది.

నాలుగోది సగంలో ఆగిపోద్ది.
"ఆలోచిస్తే..." అంటాడు,
అంతే, కార్డు దెబ్బతింది.
మార్చిస్తా తెమ్మన్నాడు మస్తాను.
వద్దులే అన్నా.
ఆ ఖాళీలో రోజుకొకటి పెట్టుకుంటున్నా.
ఆలోచిస్తే, వచ్చే ఏడు శనగ వేస్తే.
ఆలోచిస్తే, బోర్డు కాయితంలో మాలకొండయ్య పక్కన
ఇంకో పేరు పడితే.
నిన్న మాత్రం ఏమీ పెట్టలేదు.
దూరంగా టంగుటూరులో రైలు కూత,
గాలి ఇటు తిరిగినప్పుడే వినపడిద్ది.

నాలుగో రాత్రి తెల్లారింది.
ఈనె ఇంకా ఆరలేదు కానీ
ఆకు మాత్రం, చూడాలి మీరు,
నిమ్మపండు తొక్క.
మా ఆయన చెంబులో టీ పట్టుకొచ్చాడు.
సెల్లులో మూడో పాట, ఆమె అడగతా ఉంది.
ఆయన గాజు బిళ్ళ వైపు కూడా చూడకుండా
"ఎంతుంది?" అన్నాడు.

నూట ముప్పై ఎనిమిది అన్నా.
బ్యారన్‌ది చెప్పా.