బావి ఎంత ఇస్తే అంత

ఆటోనగర్ షెడ్డులో బల్లమీద మూడు పెట్టెలు.
మూడూ బూడిదరంగే,
మూడింటి ముఖానా ఒకే పచ్చదీపం.
కొనుగోళ్ళ గుమాస్తా ఫోను:
"ఏదైతేనేం మేడమ్, అన్నీ మోటారు తిప్పేవే కదా.
తక్కువ కోట్ చేసినోడికి రాసేయండి."

అన్నీ తిప్పేవే.
నెమ్మదించడం ఏదానికి తెలుసో
అది చూస్తున్నాను.

డెల్టాలో, కొబ్బరితోటల వెనక
ఒక ముసలి నూనెబావి.
ఊట సన్నగిల్లింది.
మోటారుకది తెలీదు.
బావి ఇచ్చినా లాగుతుంది, ఇవ్వకపోయినా లాగుతుంది.
సగం నిండిన గొట్టంలో దిగిన ప్లంజరు
నూనెను గుద్దుకున్న ప్రతిసారీ
కిలోమీటరున్నర కడ్డీ
నిలువునా జలదరిస్తుంది.
నిరుడు రెండుసార్లు తెగింది.
రెండుసార్లూ కారణం గడిలో "అరుగుదల" అని రాశారు.
అరుగుదల కాదది. తొందర.

బొడ్డేటి సన్నిబాబు మూతలు విప్పాడు.
మొదటిదాని లోపల వేలితో రాసి చూసి
"బోర్డుకి పూత నేదమ్మా.
మన యారాడ గాలైనా ఆ కోనసీమ గాలైనా ఉప్పు ఉప్పే.
ఆర్నెల్లకి రాగి పచ్చబడిపోద్ది."
రెండోదాన్ని రేకుల కింద మే ఎండకి వదిలాం.
రెండు గంటలకల్లా సొమ్మసిల్లింది.

మూడోదాని ధర ఒకటిన్నర రెట్లు.
ఫ్యాను మోత వేరే.

అసలు పరీక్ష కడ్డీ దిగేటప్పుడు.
ఎక్కేటప్పుడు కరెంటు తీసుకుంటుంది, సరే.
దిగేటప్పుడు బరువే మోటారును తిప్పేసి
తీసుకున్నదాంట్లో కొంత వెనక్కిస్తుంది.
ఆ ఇచ్చిందాన్ని పుచ్చుకునేవాడెవడు?
"యారాడ ఘాటీలో సైకిలమ్మా," సన్నిబాబు నవ్వాడు,
"దిగువకి తొక్కక్కర్నేదు. బిరీకుండాల."
మొదటిది ఎర్రదీపం వెలిగించి చేతులెత్తేసింది.
మూడోది మాట్లాడకుండా
వచ్చిన దారినే లైనులోకి సాగనంపింది.

ఫైల్లో రాశాను:
"ఈ డ్రైవు బావి మాట వింటుంది."
కొట్టేశాను.
"తక్కువ వేగంలోనూ పూర్తి టార్క్. సిఫారసు చేయడమైనది."

చీకటి పడింది. మల్కాపురం వైపు
రిఫైనరీ మంట మబ్బు అంచుని ఎర్రగా తడుముతోంది.
సన్నిబాబు ఇంటికెళ్ళడు.
షాఫ్టుమీద సుద్దముక్కతో గీత గీసి
ఒక్క హెర్ట్జ్‌కి దించాడు.
గీత పైకొస్తోంది, పోతోంది,
మళ్ళీ వస్తోంది.
తోలుబెల్టు వేసి బిగించాడు. ఇంకా బిగించాడు.
ఆగలేదది. తొందరపడనూ లేదు.

ఫోను మళ్ళీ మోగుతోంది.
ఇద్దరం చుట్లు లెక్కపెడుతున్నాం.