బాతులు పడుకునే చోటు

మండపేట నుంచి మూడు బస్సులు మారి
మలికిపురం దాటి దిగేసరికి
పొలమంతా అప్పటికే గుడారాలు.
దాళ్వా కోసిన నేల.
రోడ్డు రోలరు తొక్కి తొక్కి పరిచిన రన్‌వే.
సున్నంతో గీసిన గళ్లు, గళ్లకి నంబర్లు,
నంబరు ప్రకారం దిగినవాడు ఒక్కడూ లేడు.

నేను టైలర్ని.
చిన్న విమానాల రెక్కలకి గుడ్డే వాడతారట,
ఆ కుట్టు ఎలాంటిదో చూడాలని వచ్చాను.
మా గుడారమూ నేను కుట్టిందే,
లారీ పరదా, డబుల్ కుట్టు, మూలల్లో తోలు ముక్కలు.
సత్తిపండు దాన్ని నెత్తిన పెట్టుకుని
గడి గడికీ ఆగుతాడు:
"ఇక్కడేనా మాస్టారూ?"

రన్‌వే పక్కన భీమవరం వాళ్లు.
మడత కుర్చీలు, ఐసు పెట్టె,
పులస కాలం కాకపోయినా పులస కబుర్లు.
కొబ్బరితోటలో నీడ బాగుందన్నాను.
సత్తిపండు పైకి చూశాడు. గెలలు.
"కాయ పడితే ముందు మనమే ఎగురుతాం."
కుళాయి దగ్గర బురద. జనరేటరు దగ్గర పొగ.
మరుగుదొడ్ల వైపు బానే ఉంది,
గాలి తిరిగేదాకా.

అప్పుడు దొరికింది మురుక్కాలవ వార,
చదునుగా, మెత్తగా,
కాలికి వరి దుబ్బు గుచ్చుకోని చోటు.
టేపు తీసి కొలిచాను. మేకు కొట్టాను.
వాయిలు చీరలో సూదిలా దిగిపోయింది.
అనుమానపడాల్సింది అక్కడే.

"ఏవండో!"
గట్టు మీద ఒక మనిషి, చేతిలో పొడుగాటి వెదురు,
కొసన ప్లాస్టిక్ సంచి,
వెనక నాలుగొందల బాతులు.
"ఆ పీత బొరియలు చూశారా? మట్టి ఉండలు ఇంకా తడిగా ఉన్నాయి.
ఇయ్యాల పున్నమండి.
రెండో జాముకి సముద్రం ఈ కాలవెక్కి వచ్చేత్తది."

ఏసుపాదం ఇరవై రెండేళ్లుగా
ఇల్లు భుజాన వేసుకు తిరుగుతున్నాడు.
కోత అయిన చేనల్లా ఒక రాత్రికి అతని ఊరే.
"బాతు మేతకి తడి చూసుకుంటది, నిద్దరకి పొడి చూసుకుంటది.
మడిసే రెండూ ఒక్కచోట కావాలంటాడు.
మా యెనకాల రండి."

పాత కళ్లం దిబ్బ. రన్‌వేకి ఆమడ దూరం అనిపించింది.
ఈకలు, రెట్ట వాసన, గొడవ గొడవగా సర్దుకునే ముక్కులు.
సత్తిపండు మొహం మాడ్చుకున్నాడు.
మేం వదిలిన చోట్లో అయిదు నిమిషాల్లోనే
కాకినాడ కాలేజీ కుర్రాళ్లు దిగారు.
వాళ్లకి చెప్పానా?
చెప్పాను. గొంతులో సగం.
మిగతా సగం గుడారం తాళ్లు బిగించే పనిలో పడింది.

ఎన్నింటికో తెలీదు, చప్పుడు లేకుండా వచ్చింది నీరు.
చప్పుడు చేసింది కుర్రాళ్లు.
టార్చిలైట్లు అటూ ఇటూ,
ఒక చెప్పు తెప్పలా వెన్నెల్లో పోతూ.
తడి దుప్పట్లు మోసుకుని దిబ్బెక్కారు, ఏడుగురు.
ఏసుపాదం ఏమీ అనలేదు.
లేచి, వెదురుతో మెల్లగా బాతుల్ని ఓ వారకి జరిపాడు.
అవి మాత్రం చాలా అన్నాయి.
నా గుడారంలో తొమ్మిది మందిమి.
నేను ఎవరి మొహమూ చూడలేదు.
కుట్టు ఎక్కడా పిగలలేదు.

తెల్లారాక మొదటి విమానం లేచింది.
రన్‌వే వదిలి, కాలవ దాటి,
మలుపు తిరగడానికి మా దిబ్బ మీదికే వంగింది,
చేయి చాస్తే అందేంత కింద.
నాలుగొందల బాతులు
తలా ఒక కన్ను ఆకాశానికి తిప్పి,
ఇది మేత కాదని తేల్చుకుని,
చేలోకి దిగిపోయాయి.

నాకు రెక్క అడుగు కనిపించింది.
పసుపు గుడ్డ. అంచు వెంబడి
దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్.
ఒక చోట అతుకు ఉంది.
మంచి చేయే వేసింది.

"లేవరా, చూశావా?"
సత్తిపండు కళ్లు తెరవలేదు.
అతని పొట్ట పక్కన, పరదా మడతలో,
ఎవరు పెట్టిందో, వెచ్చగా
ఒక గుడ్డు.