వెంట్రుకవాసి

తాల్కవానోలో జూలై అంటే వాన.
వాన లేని పూట చేపల పిండి ఫ్యాక్టరీ వాసన.
ఆ రోజు రెండూ కలిసి తరిమితే
కాలేజీ బేస్‌మెంట్ తలుపు తోశాను.

తలుపు మీద తడిసి ముడతలు పడ్డ కాగితం:
"నీళ్ళ కింద తిరిగే రోబోకి మనుషులు కావాలి.
ఈత రాకపోయినా ఫర్వాలేదు."
నాకు ఈత రాదు. చదివేది జమాఖర్చులు.
ఆ రెండూ ఎవరూ అడక్కముందే చెప్పేశాను.

బల్ల కింద నుంచి ఒక గొంతు,
"గ్రీజు రాయడం వచ్చా?"
గొంతు వెనకాల మనిషి వచ్చాడు, ఔకాన్.
చెవి మీద స్క్రూడ్రైవరు, ఒక కాలికే మేజోడు.

బల్ల మీద హైబా.
హైబా అంటే మా దగ్గర పీత.
పీవీసీ గొట్టాల అస్థిపంజరం,
పడవల్లో నీళ్ళు తోడే మోటార్లు ఆరు,
ప్లాస్టిక్ పెట్టెలో మెదడు.
పెట్టె మూతకి ఒక నల్ల రబ్బరు చుట్టు,
ఉంగరానికి పెద్ద, గాజుకి చిన్న.
"మెదడుకీ సముద్రానికీ మధ్య ఉన్న గోడ ఇదే,"
బెర్నార్డితా నా అరచేతిలో పెట్టింది.
"కాటుకంత పలచగా రాయి. ఎక్కువైనా తప్పే."

మూడు వారాలు అదే రాశాను.
వాళ్ళు నన్ను పద్దులపిల్లా అని పిలిచారు.
ఇంటికెళ్ళి రొట్టె తుంచినా గ్రీజు వాసనే.

మున్సిపాలిటీ ఈతకొలనులో
ముసలమ్మల వ్యాయామం ముగిశాక, రాత్రి తొమ్మిదికి
హైబాని నీళ్ళలోకి దించాం.
పచ్చ కేబుల్ నా చేతిలో.
"ఇవ్వు" అంటే వదలాలి, "తే" అంటే చుట్టాలి,
మధ్యలో మాట్లాడకూడదు.

ఒక బుడగ.
సభలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు
ఇంకొకటి.
తెర మీద నీలిరంగు వణికింది,
తర్వాత రంగే లేదు.

తే, తే, తే.

పెట్టెలో చెంచాడు నీళ్ళు.
చెంచాడంటే చెంచాడే.
ఎనిమిది నెలలు అందులో మునిగాయి.
దీపం కింద మూత విప్పితే
రబ్బరు చుట్టు మీద అడ్డంగా ఒక వెంట్రుక,
సగం నలుపు, సగం మందారం రంగు.
మొత్తం జట్టులో అలాంటి జుట్టు
ఒక్కదానిదే.

వెంట్రుకవాసిలో తప్పింది అంటుంటారే,
ఇక్కడ తప్పలేదు.
"నాదే," అన్నాను.
కొలను గోడలు దాన్ని రెండుసార్లు అన్నాయి.

ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టం.
వ్యాను ఎక్కి బేస్‌మెంట్‌కి వచ్చాక
బెర్నార్డితా ఇనప బీరువా తెరిచింది.
కాలిన సర్క్యూటు బోర్డు: ఔకాన్, ఎర్రతీగ బదులు నల్లతీగ.
విరిగిన రెక్క: బెర్నార్డితా, కొలత రెండోసారి చూడలేదు.
కరిగిన బ్యాటరీ మీద రెండు పేర్లు,
ఆ ఇద్దరూ ఇప్పటికీ నువ్వంటే నువ్వని వాదించుకుంటారట.

పట్టకారుతో వెంట్రుక తీసి
ఖాళీ జామ్ సీసాలో వేసి
పెన్ను నాకిచ్చింది.
"పేరు నువ్వే రాసుకోవాలి."
డొరాలీసా అని రాశాను.
"ఓ, నీ పేరు అదా," అన్నాడు ఔకాన్,
నిజంగానే ఆశ్చర్యపోయి.

సెప్టెంబరులో రేవు గట్టు మీద
తలకి రుమాలు, దాని మీద టోపీ, దాని మీద వాన.
కేబుల్ బూడిదరంగు నీళ్ళలోకి పోతోంది,
నాకు రాని చోటికి.
వెంట్రుక కట్టి కొండని లాగడం అంటే ఇదేనేమో,
వస్తే కొండ.
వచ్చింది మాత్రం బురద, ఒక లారీ టైరు,
టైరు అంచున నిజం పీత.

పీత హైబా వైపు చూసింది.
కాసేపు ఆలోచించి
పక్కకి జరిగింది.

"ఇవ్వు," అన్నాడు ఔకాన్.
ఇంకో మీటరు వదిలాను.