సున్నా డెసిబెల్

చెవులు పరీక్షించడం నా ఉద్యోగం.
జీలాంగ్‌లో, మూరబూల్ వీధిలో, కళ్లజోళ్ల షాపు వెనక
తలుపేస్తే లోకం ఆగిపోయే చిన్న గది.
ఉన్ని మిల్లుల్లో, కార్ల ఫ్యాక్టరీలో
వినికిడి వదిలేసొచ్చిన ముసలాళ్లకి హెడ్‌ఫోన్లు తగిలించి
"ఎంత సన్నగా వినబడ్డా సరే, బటన్ నొక్కండి" అంటాను.
ఎవరి చెవి ఎక్కడ ఆగిపోతుందో గీత గీసి చూపిస్తాను.

మేలో ఒక రాత్రి మా ఆయన
అలసిపోయొచ్చి, ఏం మాట్లాడకుండా అన్నం తిన్నాడు.
అంతే.
నేను బాత్రూంలో కుళాయి తిప్పి గంటసేపు కూర్చున్నాను,
నలభై నాలుగేళ్ల మనిషిని,
ఏం తప్పు చేశానా అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ.

డాక్టరు కాగితం రాసిచ్చింది. పది సెషన్లు.
చూడ్డానికి బస్సు పాసులా ఉంది.

మొదటతను క్రెయిగ్. మంచివాడే.
ఒక ప్రశ్న వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు.
గోడ గడియారం. హీటరు. కింద వీధిలో ట్రక్కు రివర్సు.
ఇంకా ఊరుకునే ఉన్నాడు.
అది వాళ్ల పద్ధతట, నాకు చోటివ్వడమట.
ఆ కుర్చీలో నాకు మళ్లీ పదకొండేళ్లు.
పార్కింగు టైమైపోయిందని అబద్ధమాడి లేచొచ్చేశాను.

రెండో ఆవిడ మెల్‌బోర్న్ నుంచి, ఫోను తెరలో, హైమవతి గారు.
తెలుగులో ఏడవొచ్చు కదా అని ఆశ.
"తణుకా? తణుకులో ఎక్కడమ్మా?"
ఇరవయ్యో నిమిషంలో అన్నారు, "ఎంతైనా అమ్మ కదా."
ఆ ఎంతైనా అన్నది ఎంతో
ఆవిడ అడగలేదు.

రెండు నెలలు వెతకడం మానేశాను.
మాగ్‌పైలు నెత్తిన పొడుస్తున్నాయని
సైకిళ్ల వాళ్లు హెల్మెట్లకి ప్లాస్టిక్ ముళ్లు కట్టుకునే రోజులొచ్చాయి.
ఒక పిట్ట కోసం ఇంత ఏర్పాటు,
సిగ్గు లేకుండా, నడివీధిలో.

వెస్నా గది చెప్పులు బాగుచేసే కొట్టు పైన.
మెట్లెక్కుతుంటే తోలు వాసన, జిగురు వాసన.
ఆవిడ ఇంగ్లీషూ నాదిలాగే
ఎక్కడో పుట్టి ఇక్కడిదాకా నడిచొచ్చింది.
"మీ భాషలో చెప్పండి, నాకు అర్థం కాకపోయినా ఫర్లేదు."
నోట్లోంచి అదే ఊడిపడింది:
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.
అర్థం చెప్పాను. పెన్ను పక్కన పెట్టి
నిజంగానే నా కాళ్ల కేసి చూసింది.
"పడితే పడనీండి. తివాచీ పాతదే."

నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే తక్కినదంతా.

నాన్న రేడియో తాకట్టు పెట్టాడని
పక్కింటి సుభద్రమ్మ గారితో అనేశాను. నేను చేసిందంతే.
పందొమ్మిది రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు.
"నీళ్లు కాగాయని దానికి చెప్పరా" అనేది తమ్ముడితో,
నేను అక్కడే, రెండు గజాల్లో, తువ్వాలు పట్టుకుని.
వాడికి నాలుగేళ్లు. బుద్ధిగా నా దగ్గరికొచ్చి
"నీల్లు కాగాయంత" అనేవాడు.
కంచం నేలమీద జరిగే చప్పుడొక్కటే
అమ్మ నాకిచ్చిన మాట.
ఇరవయ్యో రోజు "తలకి నూనె రాసుకో" అంది,
ఏమీ జరగనట్టు.

అప్పుడు అమ్మకి ఇరవై తొమ్మిదేళ్లు వెస్నా.
రేడియో కన్నా ముందే ఆవిడ గాజులు వెళ్లిపోయాయి.
అదీ తెలుసు నాకు.
తెలిస్తే నొప్పి తగ్గాలిగా మరి?

ఆవిడ వెంటనే ఏమీ అనలేదు.
గదిలో అది మొదలైంది. నా మెడ నరాలకి ముందే తెలుసు.
పర్సు మీదికి చెయ్యి పోయింది.
అప్పుడంది:
"నేను ఊరుకున్నది కోపంతో కాదు.
ఆలోచిస్తున్నాను. ఇక్కడే ఉన్నాను."

ఇంకా ఏడు సెషన్లున్నాయి.

మర్నాడు డగ్లస్ గారు, ఎనభై దాటాయి,
కాగితం మీద వేలు పెట్టి అడిగారు,
"సున్నా అంటే అసలు చప్పుడే లేనట్టా?"
కాదండీ, అన్నాను.
మంచి చెవికి వినబడ్డం మొదలయ్యే చోటు.

ఆయన్ని గదిలో కూర్చోబెట్టి తలుపేశాను.
లోపల అంత నిశ్శబ్దంలో ఆయన తలెత్తి చూస్తే
అద్దానికి ఇవతల నుంచి
చెయ్యెత్తి ఊపాను.
ఇన్నేళ్లలో ఎప్పుడూ ఊపలేదు.