ఉశేనప్ప గడ్డం

ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక
మా బాల్ బ్యాడ్మింటన్ కోర్టు.
వల ఎత్తు ఉశేనప్ప గడ్డంతోనే కొలిచేది.
"టేపు తప్పుండొచ్చు లేప్పా,
గడ్డం నేను పుట్టినప్పట్నుంచీ ఈడనే ఉండాది."

గుంతకల్లు రైల్వేవాళ్ల చేతిలో ఓడిన రాత్రి
ఒగ్గాని బజ్జీ తింటా అన్నాడు:
"వాళ్లు గెలవకపోయింటే కప్పు మనదే."
ఏడుస్తా ఉన్నోళ్లం పొలమారినాం.

ఉన్ని బంతి పత్తి కుప్పలో పడితే
గంటసేపు వెతికించి
"యాడుందో నాకు తెలుసు, దొరకనీ చెప్తా."

కంటి ఆపరేషనైనాక:
"ముందు ఎంత కనపడలేదో
ఇప్పుడు బాగా కనపడతాంది."

ఈ పొద్దు కొత్త టేపు తెచ్చినాం.
కొలత సరిగ్గానే ఉండాది.
అయినా వల కట్టినాక
ఐదుగురం పక్కకు పోయి
గడ్డాలెత్తి నిలబడినాం.

ఎవురికీ సరిపోలా.